సప్తర్షి నౌక పెండింగ్ హామీలు

చిన్నప్పుడు ప్రాణంగా చూసిన టీవీ సీరియల్‌ని నలభై ఏడేళ్ల వయసులో మళ్లీ చూడాలనిపిస్తే బుద్ధిగా ఇంట్లో కూర్చుని చూసుకోవాలి. నేను దాన్ని ఆఫీసు పని కింద చూద్దామనుకున్నాను. తరువాత జరిగినదానికంతటికీ మూలం ఆ కక్కుర్తే.

నా పేరు పంపన సూరిబాబు. భవిష్యత్ వ్యవహారాల శాఖలో సెక్షన్ ఆఫీసర్ని. రాష్ట్రానికి రాబోయే రోజుల్లో ఏమేం కావాలో ముందుగా ఆలోచించి పెట్టడానికి 1986లో పెట్టిన శాఖ ఇది. సచివాలయంలో మూడో అంతస్తులో, లిఫ్టు ఆగని వైపు ఉంటుంది. మేం ఆలోచిస్తూనే ఉన్నాం.

మొన్న జూన్‌లో ‘పెండింగ్ హామీల నిర్మూలన పక్షోత్సవాలు’ వచ్చాయి. ప్రతి శాఖా పుట్టినప్పటి నుంచి ఏ సభలోనైనా, ఏ కరపత్రంలోనైనా, ఏ ఇతర మాధ్యమం ద్వారానైనా ప్రజలకిచ్చిన హామీలన్నీ జాబితా రాయాలి. నెరవేరనివి ఉంటే పదిహేను రోజుల్లో సున్నాకు తేవాలి. మా సెక్షన్ పాత ఫైళ్లన్నీ తిరగేసింది. మేం ఎవరికీ ఏ హామీ ఇచ్చిన దాఖలా లేదు. జాబితాలో ‘లేవు’ అని రాసి మా కార్యదర్శి మందాకిని మేడం ముందు పెట్టాను.

మేడం సంతోషిస్తారనుకున్నాను. ఆవిడ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

“సూరిబాబు గారూ, పక్క శాఖ వాళ్లు నాలుగు వందల హామీలు తీర్చి సున్నాకు వచ్చారు. మనం మొదటి నుంచీ సున్నాలోనే ఉన్నాం. అలాంటప్పుడు పెండింగు నిర్మూలించామన్న గుర్తింపు మనకి ఏ ప్రాతిపదికన వస్తుంది? మరోసారి సమగ్రంగా వెతకండి.”

వెతకమన్నారని స్టోర్ రూములోకి వెళ్లాను. అక్కడ విరిగిన కుర్చీల కింద ఒక అట్టపెట్టె, అందులో పదమూడు వీడియో క్యాసెట్లు కనిపించాయి. పైన ఎర్ర ఇంకుతో ‘సప్తర్షి నౌక’ అని రాసి ఉంది. ఉన్నచోటే విరిగిన కుర్చీలో కూలబడ్డాను.

ఆ సీరియల్ 1988లో ఆదివారాలు పొద్దున్న వచ్చేది. నాకప్పుడు పదేళ్లు. సామర్లకోటలో మా వీధి మొత్తానికి కంపౌండరు గారింట్లో ఒక్కటే టీవీ. కంపౌండరు గారి భార్య ఊరికే చూడనిచ్చేది కాదు. పిల్లలందరినీ వరసగా కూర్చోబెట్టి తలా ఒక చేట చింతపండు ఇచ్చేది. గింజలు తీస్తూ చూడాలి. రేపో మాపో అంతరిక్షంలోకి వెళ్లబోయే నౌక కథ అది. దాని అధిపతి కమాండర్ చంద్రకేతు. నల్లటి మనిషి, గంభీరమైన గొంతు. ఏం చెప్పినా చివర “ఇది నా మాట” అనేవాడు. ఆ మాట అన్నప్పుడల్లా నా చేతిలో చింతపండు ఆగిపోయేది, వెనకనుంచి మొట్టికాయ పడేది.

నౌకలో నాకేదైనా ఉద్యోగం ఇప్పించమని కమాండరు గారికి ఉత్తరం కూడా రాశాను. నెలన్నరకి జవాబొచ్చింది. ‘మీ ఉత్తరం అందినది. తగు సమయమున తగు చర్య తీసుకొనబడును.’ కార్డు మీద ఈ శాఖ ముద్ర ఉంది. తగు సమయం వస్తుందని నమ్మి ఇంటర్ దాకా ఎదురుచూశాను. ఆ తరువాత సర్వీసు పరీక్ష రాసి, శాఖను ఎంచుకోమంటే, మిగతా కుర్రాళ్లు రెవెన్యూ అన్నారు, నేను ఇది అన్నాను. ఈ ఇరవై రెండేళ్లలో అలాంటి కార్డుల మీద కొన్ని వేల సంతకాలు చేశాను.

క్యాసెట్లు చూడాలని మనసు లాగేసింది. అవి ఆడే యంత్రం ఎక్కడా లేదు, వాటిని కంప్యూటర్లోకి ఎక్కించాలంటే ఖర్చు. అందుకని నోట్ రాశాను. ‘సదరు ధారావాహికను శాఖయే సమర్పించినందున, అందు హామీలు ఉండే అవకాశము లేకపోలేదు. పరిశీలన నిమిత్తము డిజిటల్ రూపములోకి మార్పించుటకు అనుమతి కోరడమైనది.’ ఫైలు సాయంత్రానికల్లా సంతకమై తిరిగొచ్చింది. నా సర్వీసులో ఒక్కరోజులో సంతకమైన ఫైలు అదొక్కటే. నేను అప్పుడే అనుమానించాల్సింది.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక, పెన్‌డ్రైవ్ టీవీకి తగిలించి, మా ఆవిడ సుభాషిణిని పక్కన కూర్చోబెట్టుకున్నాను. తను హైస్కూల్లో లెక్కల టీచరు. పెళ్లయిన కొత్తలో ఈ సీరియల్ గురించి తనకి ఎంత చెప్పానంటే, నేను చిన్నప్పుడు అందులో నటించాననుకుందట.

మొదటి పది నిమిషాలు నేను వివరిస్తూ పోయాను. తరువాత నా గుర్తుకీ తెరకీ పొంతన కుదరలేదు.

నౌక తలుపు దానంతటదే తెరుచుకునేదని నాకు బాగా గుర్తు. ఇప్పుడు చూస్తే దానికి పురికొస కట్టి ఉంది, లాగే చెయ్యి, చేతికున్న వాచీ కూడా కనబడుతున్నాయి. కంట్రోల్ పానెల్ మీద మెరిసేవి ఇస్త్రీపెట్టెల ఎర్ర దీపాలు. మరమనిషి ఒంటినిండా కిరసనాయిలు డబ్బాలు, కాళ్లకు మాత్రం హవాయి చెప్పులు. నౌక తెర మీద కనబడే నిర్జన గ్రహం ఒక రాళ్ల క్వారీ. దాని మీద వెనకవైపు నుంచి ఒక మేక నడుచుకుంటూ వెళ్లింది.

“జనం లేరన్నారు గానీ, మేకలు లేవనలేదుగా,” అంది సుభాషిణి. నన్ను ఓదార్చడానికే అంది.

అసలు దెబ్బ అది కాదు. ఆ నౌక పాలపుంతలన్నీ తిరిగి వచ్చిందని ముప్పై ఏడేళ్లుగా నా నమ్మకం. నాలుగు భాగాలు వరసగా చూశాం. నౌక కదల్లేదు. ఆ వారమంతా రోజుకి రెండు చొప్పున మిగతావీ చూశాం. పదమూడు భాగాల్లో సప్తర్షి నౌక ఒక్క అంగుళం కూడా కదల్లేదు. కమాండర్ చంద్రకేతు ప్రతి భాగంలోనూ భూకేంద్రాన్ని బయలుదేరడానికి అనుమతి అడుగుతాడు. భూకేంద్రం ‘పరిశీలిస్తున్నాం’ అంటుంది. ఈలోగా ఆయన సిబ్బందిని కూర్చోబెట్టి, బయలుదేరాక ఏమేం జరుగుతాయో, ఏ సంవత్సరానికి ఏమేం వస్తాయో చెబుతాడు. “ఇది నా మాట” అంటాడు. భాగం అయిపోతుంది.

ఆఖరి భాగం అయ్యాక సుభాషిణి టీవీ కట్టేసి, “ఏమండీ, ఇది మీ ఆఫీసులా ఉంది,” అంది.

నాకు కోపం రావాలి. రాలేదు. ఎందుకంటే ఆ మాట నాకు మూడో భాగంలోనే అనిపించింది.

సోమవారం ఆఫీసుకెళ్లి ‘పరిశీలించడమైనది, విశేషములు లేవు’ అని రాసి ఫైలు మూసేస్తే సరిపోయేది. కానీ చూసినందుకు పని చేసినట్టు కనబడాలి కదా. కమాండరు “ఇది నా మాట” అన్న చోట్లన్నీ భాగం, నిమిషంతో సహా వరసగా రాసి పెట్టాను. నలభై ఒకటి తేలాయి.

మేడం ఆ జాబితాను రెండుసార్లు చదివి, న్యాయ సలహాదారు సోమయాజులు గారిని పిలిపించారు. ఆయన నెమ్మదిగా మాట్లాడే మనిషి. ప్రతి వాక్యం చివరా అప్పీలుకి చోటు వదులుతారు.

“ఇందులోని పాత్రలు కల్పితాలు అన్న కార్డు ఈ సీరియల్లో ఎక్కడా లేదు మేడం. ఉన్నదల్లా ‘భవిష్యత్ వ్యవహారాల శాఖ సమర్పించు’ అన్న కార్డు. కావున పాత్ర నోట వచ్చిన మాట శాఖ నోట వచ్చిన మాటే అవుతుంది. కాదనడానికి నాకైతే ప్రస్తుతానికి ఆధారం కనబడలేదు.”

“కాలక్షేపానికి తీసిన సీరియల్ కదండీ,” అన్నాను నేను.

“ప్రభుత్వం నోటి మాట ఎప్పుడూ కాలక్షేపం కాదు సూరిబాబు గారూ,” అన్నారు మేడం. ఆవిడ ముఖంలో పండగ కళ వచ్చింది. మా శాఖకి పెండింగు దొరికింది.

నలభై ఒకటిలో రెండు నెరవేరినట్టు తేలాయి. ఒకటి జేబులో పెట్టుకునే టెలిఫోను, రెండోది ఇంట్లో కూర్చుని చేసే ఆఫీసు పని. మిగతా ముప్పై తొమ్మిదీ ఆయా శాఖలకు ‘కాలబద్ధ కార్యాచరణ నిమిత్తం’ పంపాం. ఏ శాఖా మమ్మల్ని చూసి నవ్వలేదు. అందరికీ పక్షోత్సవాలే, వాటికీ అప్పటికే రెండుసార్లు గడువు పొడిగించారు.

ఉద్యానశాఖ నుంచి ముందు జవాబొచ్చింది. ‘2010 నాటికి చంద్రునిపై ఉల్లిసాగు అను హామీకి సంబంధించి, సదరు భూమి పట్టాదారు పాసు పుస్తకము నకలు జతపరచనందున ప్రతిపాదన తిప్పి పంపడమైనది.’ ఎగిరే బస్సుల గురించి రవాణా వాళ్లు ఇలా రాశారు: ‘కొన్ని రహదారులపై బస్సులు ఇప్పటికే తరచు గాలిలోకి లేచుచున్నందున, హామీ పాక్షికముగా నెరవేరినట్లు పరిగణించగలరు.’ మనసులో మాట వినే యంత్రం గురించి అడిగితే పోలీసు శాఖ ‘మా వద్ద అట్టిది లేదు’ అని సీలు వేసిన కవర్లో పంపింది. గ్రహాంతరవాసుల రాక విషయం ప్రోటోకాల్ సెక్షన్‌కి వెళ్లింది. అతిథి ఏ హోదాలో వస్తున్నారు, కాళ్లు ఎన్ని, సోఫా సరిపోతుందా, మంచం వెయ్యాలా అని వాళ్లు నన్ను ఫోన్లో మూడుసార్లు అడిగారు. మూడోసారి నేను విసుగొచ్చి ఆరు కాళ్లు అన్నాను. ఆ తరువాత వాళ్లు అడగలేదు. అతిథిగృహంలో మూడు జతల చొప్పున చెప్పుల స్టాండ్లు చేయించారని తరువాత తెలిసింది.

పన్నెండో హామీ ‘2000 తరువాత అన్నం ఉండదు, మాత్ర ఉంటుంది’. దీన్ని ఎవరూ తీసుకోకపోవడంతో మేడం మన క్యాంటీన్లోనే ప్రయోగాత్మకంగా అమలు చేద్దామన్నారు. బుధవారం మధ్యాహ్నం అరిటాకులు వేశారు. ఆకుకి ఒక పచ్చ మాత్ర, ఒక తెల్ల మాత్ర, మాంసాహారులకు అదనంగా చేపనూనె గుళిక. ఆకు చుట్టూ నీళ్లు చిలకరించుకుని అందరం మింగాం. సోమయాజులు గారు ఆఖర్న పెరుగు మాత్ర లేదా అని అడిగారు. మేడం మంచినీళ్లు తాగి, “తృప్తికరంగా ఉంది,” అని రిజిస్టర్లో రాశారు. ఒంటిగంటన్నరకి గేటు బయట మిరపకాయ బజ్జీల బండి దగ్గర మా శాఖ మొత్తం ఉంది. ఎవరూ ఎవరి మొహం చూడలేదు. కాస్త దూరంలో మేడం కారు ఆగి ఉంది, అద్దం సగం దించి ఉంది, అందులోంచి ఒక చెయ్యి పొట్లం అందుకుంది.

ఇన్ని చేసినా ఇంకా ముప్పై పైన మిగిలాయి. అప్పుడు సోమయాజులు గారు, అసలు హామీ ఇచ్చిన వ్యక్తి వాంగ్మూలం లేకుండా ఏ హామీనీ ముగించలేమని చెప్పారు. పాత ఫైల్లో కమాండర్ చంద్రకేతు చిరునామా దొరికింది. రౌతు పైడిరాజు, జూట్ మిల్లు క్వార్టర్స్, విజయనగరం అవతల జొన్నవలస. నోటీసు మీద సంతకం నాదే. ‘స్వయముగా హాజరై సంజాయిషీ ఇచ్చుకొనవలెను.’ ఆ వాక్యం రాస్తుంటే, పదేళ్ల వయసులో నాకెవరైనా ఈ సంగతి చెప్పి ఉంటే వాణ్ని కొట్టి ఉండేవాణ్ని అనిపించింది. రాశాను.

ఆయన చెప్పిన రోజుకి, చెప్పిన టైముకి వచ్చాడు. డెబ్బై ఆరేళ్లు. బాగా చిక్కిపోయాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, చేతిలో ప్లాస్టిక్ సంచి. మనిషిని పోల్చుకోలేకపోయాను. గుమ్మంలో నిలబడి “నమస్కారమండీ” అన్నాడు. గొంతు అదే. నేను లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానో తెలియక, లేచాను కాబట్టి వెళ్లి కిటికీ తలుపు వేశాను.

మేడం, సోమయాజులు గారు బల్లకి అటు, ఆయన ఇటు. నేను రాసుకుంటూ పక్కన.

“కమాండర్ చంద్రకేతు మీరేనా?” అన్నారు మేడం.

“అప్పుడు నానేనమ్మా. ఇప్పుడు రౌతు పైడిరాజుని. జూట్ మిల్లులో నేతపని సేసి దిగిపోనాను. మా మిల్లోలం నాటకాలు కట్టీవోలం. గొంతు బాగుందని తీసుకెల్లినారు.”

“మూడో భాగం, తొమ్మిదో నిమిషంలో, చంద్రుడి మీద ఉల్లి పండిస్తాం, ఇది నా మాట అన్నారు. ఏ ఆధారంతో అన్నారు?”

“ఆదారం ఏటుంటదమ్మా. ఆలు సెప్పమన్నారు, సెప్పినాను.”

“ఎవరు రాశారు?”

“ఈ ఆపీసులోనే, కల్లజోడు గుమస్తా గారొకలు. పేరు గుర్తునేదు. నాకప్పుడు సదువు రాదు. ఆయన సదివితే ఇని బట్టీ పట్టీవోన్ని.”

“అంటే మీకు అర్థం కాకుండానే ప్రజలకి మాట ఇచ్చారు.”

పైడిరాజు గారు సంచి ఒళ్లోకి తీసుకున్నాడు. “పెద్దోలు రాసినారు కదా, ఆలికి తెలిసే రాసుంటారనుకున్నానమ్మా,” అన్నాడు.

మేడం కలం ఆగింది. కిందటి వారమే ఆవిడ ఒక సభలో ముప్పై ఏళ్ల తరువాతి రాష్ట్రం గురించి నలభై నిమిషాలు చదివారు. అది రాసిందెవరో ఆవిడకి తెలియదు. నేనే.

“మేమూ అంతేనండీ,” అన్నారు మేడం, మెల్లగా. తరువాత నావైపు తిరిగి, “అది రికార్డు చెయ్యకండి,” అన్నారు.

మధ్యాహ్నం ఆయన్ని క్యాంటీన్‌కి తీసుకెళ్లాను. ఆ వేళ అన్నమే ఉంది. చిన్నప్పుడు ఆయనకి ఉత్తరం రాసిన సంగతి చెప్పాను.

“నాకా? ఒక్క ఉత్తరం రానేదు బాబూ. ఏటి రాసినావు?”

“నౌకలో ఉద్యోగం ఇప్పించమన్నాను.”

ఆయన పెరుగన్నం కలుపుతూ నవ్వాడు. “రాకపోడవే మంచిదైంది. లోపలంతా రేకులు. ఉడికిపోయీవోలం.”

ఏడో భాగంలో ఆయన అనుమతి కోసం ఎదురుచూస్తూ కిటికీ దగ్గర నిలబడే దృశ్యం ఎంత బాగుంటుందో చెప్పబోయాను.

“నాను సూడనేదు బాబూ,” అన్నాడు.

“ఏడో భాగమా?”

“ఏదీ సూడనేదు. మాకు సెలవు బుదోరం. ఆదోరం పొద్దున్న నాకు డ్యూటీ. గేటు దాటి ఈదిలోకొచ్చీసరికి అది అయిపోయీది. పిల్లలు అరుగులెక్కి నాకు సెల్యూట్లు కొట్టీవోరు. అదొకటే సూసినాను.”

పదమూడు వారాలు చింతపండు గింజలు తీసి నేను చూసినదాన్ని, అందులో ఉన్న మనిషి చూడలేదు.

మర్నాడు సోమయాజులు గారికి ఉపాయం తట్టింది. ఇచ్చిన హామీని రద్దు చెయ్యలేం, గడువు మాత్రం పొడిగించవచ్చు. సీరియల్లో సంవత్సరాలు వచ్చిన ప్రతిచోటా వందేళ్లు కలిపి మళ్లీ డబ్బింగు చెప్పిస్తే ఏ హామీకీ గడువు దాటదు, గడువు దాటనిది పెండింగు కాదు. వేరే గొంతుతో చెప్పిస్తే అది ఫోర్జరీ అవుతుంది కాబట్టి పైడిరాజు గారే చెప్పాలి. మేడం ఆయనకి అతిథిగృహంలో గది ఇప్పించారు. చెప్పుల స్టాండ్లన్నీ ఆ గది ముందే పెట్టించారట. ఉన్న ఒక్క జత ఎక్కడ పెట్టాలో తెలియక ఆయన సంచిలో పెట్టుకుని పడుకున్నాడు.

డబ్బింగు స్టూడియోలో రెండు రోజులు. నేను శాఖ తరఫున సాక్షిని. గాజుగదిలో ఆయన చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని నిలబడ్డాడు. ఎదురుగా తెర వెలిగింది.

మొదటి గంట ఆయన డైలాగు ఒక్కటీ చెప్పలేదు. చూస్తూ నిలబడిపోయాడు. తలుపు లాగే చెయ్యి కనబడగానే నవ్వాడు. మేక వచ్చినప్పుడు ఇంకా నవ్వాడు. మరమనిషి రాగానే గాజుకి దగ్గరగా జరిగాడు.

“ఆడు అప్పన్న. నా పక్క మగ్గం. డబ్బాలేసుకుని రెండుసార్లు కల్లు తిరిగి పడిపోనాడు. జోళ్లిప్పరా అంటే కాళ్లు కాల్తన్నాయన్నాడు.” నావికురాలు రోహిణి మాట్లాడుతుంటే, “ఆ యమ్మ సింహాద్రమ్మ. మిల్లు కేంటీన్లో వండీది. కరోనాలో పోనాది. అప్పన్న అంతకు ముందే,” అన్నాడు.

తరువాత పనిలో పడ్డాడు. ఉల్లిని రెండు వేల నూట పదికి, ఎగిరే బస్సుని రెండు వేల నూట పదిహేనుకి వాయిదా వేశాం. గొంతులో వణుకు ఉన్నా “ఇది నా మాట” అనేటప్పుడు మాత్రం ఎక్కడి నుంచో బలం వచ్చేది. ప్రతిసారీ సౌండ్ ఇంజనీరు నావైపు చూసేవాడు. ప్రతిసారీ నేను రిజిస్టర్లో ‘గడువు పొడిగించబడినది’ అని రాసేవాణ్ని. తెర మీద నలభై ఏళ్లు నిండని మనిషి పెదవులు కదుపుతున్నాడు, పక్కన ముసలాయన గొంతు వస్తోంది. ఇలా చూడడం బాగోలేదనిపించింది, కానీ జాబితా నా చేతిలోనే ఉంది.

రెండోరోజు సాయంత్రం ఇరవై మూడో హామీ వచ్చింది. తెర మీద చంద్రకేతు సిబ్బంది మధ్య నిలబడి ఉన్నాడు. ఒకవైపు డబ్బాల్లో అప్పన్న, మరోవైపు సింహాద్రమ్మ. ‘రెండు వేల అయిదు తరువాత మనలో ఎవరికీ ముసలితనం రాదు. ఇది నా మాట.’ దాన్ని రెండు వేల నూట అయిదు చెయ్యాలి.

పైడిరాజు గారు మళ్లీ వెయ్యమన్నాడు. ఇంజనీరు వేశాడు. మళ్లీ వెయ్యమన్నాడు. నాలుగోసారి హెడ్‌ఫోన్లు తీసేశాడు.

“ఇది మార్సొద్దు బాబూ.”

“ఎందుకండీ?”

“సూడు నువ్వే. అప్పన్నకి రానేదు. సింహాద్రమ్మకి రానేదు. అక్కడ నిలబడ్డ సంద్రకేతుకీ రానేదు. నానొక్కన్నే ఇవతల పడిపోనాను. ఆడిచ్చిన మాట ఆడు నిలబెట్టుకున్నాడు కాదేటి?”

ఇంజనీరు మొహం తిప్పుకున్నాడు. నేను రిజిస్టర్ తెరిచి ఇరవై మూడు ఎదురుగా ‘నెరవేరినది’ అని రాశాను. ఎవరినీ అడగకుండా, ఏ నిబంధనా చూడకుండా సర్వీసులో నేను రాసిన మొదటి మాట అది. రాశాక కింద సంతకం పెట్టి, పక్కన శాఖ ముద్ర కూడా వేశాను. ఆ పూట ఇంటికి నడిచి వెళ్లాను. సుభాషిణితో చెబితే, “ఇన్నాళ్లకి ఒక మంచి పని చేశారు,” అంది. నాకూ అలాగే అనిపించింది.

మా శాఖ పెండింగు సున్నా అయింది. మేడంకి ప్రశంసాపత్రం వచ్చింది. పైడిరాజు గారు వెళ్లేటప్పుడు, సీరియల్ పెన్‌డ్రైవ్‌లో వేసిస్తే వీధిలో అందరికీ చూపిస్తానన్నాడు. దానికి అనుమతి రావడానికి రెండు నెలలు పట్టింది. రాగానే పోస్టులో పంపడం ఇష్టంలేక నేనే బయల్దేరాను. విశాఖపట్నంలో రైలు దిగి బస్సెక్కాను. డ్రైవరు వెనక మూడో వరసలో సీటు దొరికింది. కిటికీ పైన ఏవో అక్షరాల మీద బూడిదరంగు కొత్తగా పూసి ఉంది. చొక్కాకి అంటుకుంటుందేమోనని చూసుకుని కూర్చున్నాను.

మధురవాడలో ఒక పెద్దావిడ ఎక్కింది. ఎనభై దగ్గర ఉంటాయి. నెత్తి మీద ఎండుచేపల తట్ట. నా సీటు పక్కన నిలబడి, బూడిదరంగు వైపు చూసి, కండక్టరుని పిలిచింది.

“బాబూ, ఇది ముసిలోల్ల సీటు కాదేటి?”

“ఇప్పుడు నేదు మామ్మా. ముసిలితనం తీసేసినారంట. ఆర్డరొచ్చింది.”

“ఎవలు తీసేసినారు?”

“ఏదో పెద్ద ఆపీసులే. పక్కాగా ముద్రేసి మరీ ఇచ్చినారట. అన్ని బస్సుల్లోనీ రంగేసేసినారు.” అతను టిక్కెట్లు కొట్టుకుంటూ ముందుకు వెళ్లిపోయాడు.

ఇరవై మూడో హామీ పక్కన నేను వేసిన ముద్ర అది. లేచి ఆవిడని కూర్చోమన్నాను. కూర్చుంది. తట్ట ఒళ్లో పెట్టుకుని, రెండు మోకాళ్లూ ఒకదాని తరువాత ఒకటి నొక్కి చూసుకుంది.

“తీసేస్తే మరి ఈటికి తెలవనేదేటి బాబూ? ఇంకా నొప్పెడతన్నాయి,” అంది. తరువాత, “ఆ ముద్రేసినోడు కనబడితే ఒకటి అడుగుదును,” అంది.

“ఏం అడుగుతావమ్మా?”

“ఏటడుగుతాను. ఒరే, నీ తల్లి బతికుందేటిరా అని అడుగుతాను.”

మా అమ్మ మాతోనే ఉంటుంది. శుక్రవారాలు కంటి ఆసుపత్రికి బస్సులోనే వెళుతుంది.

“ఉందమ్మా,” అన్నాను.

అన్నాక గాని ఏమన్నానో తెలియలేదు. ఆవిడ తలెత్తి నన్ను కింది నుంచి పైదాకా, మెడలో వేలాడుతున్న ఆఫీసు కార్డుతో సహా, నిదానంగా చూసింది. తిట్టలేదు. ఒళ్లోని తట్ట తీసి నా చేతుల్లో పెట్టింది.

“అలగైతే ఇది పట్టుకో,” అంది.

ఆవిడ దిగేది విజయనగరంలో. అంతదాకా పట్టుకున్నాను.